ఫలాపేక్ష, గురుధర్మం: బాలికల జాతీయ జట్టు ముందున్న ప్రశ్న

2022 అక్టోబరులో భారతదేశం ఆతిథ్యమిచ్చిన ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో, స్వీడన్‌కు చెందిన థామస్ డెన్నర్‌బీ శిక్షణలో ఆడిన భారత బాలికలు భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5 తేడాతో ఓడి, ఒక్క గోలైనా చేయకుండానే నిష్క్రమించారు. ఆతిథ్య దేశంగా నేరుగా ప్రవేశం పొందిన ఆ జట్టుపై ఎంత ఆశ పెట్టుకోవడం న్యాయమన్న ప్రశ్న, క్రీడారంగాన్ని దాటి ధర్మవిచారంలోకి ప్రవేశిస్తుంది.

భగవద్గీత బోధించిన నిష్కామకర్మను, అంటే ఫలాసక్తిని విడిచి కర్తవ్యాన్ని శ్రద్ధతో ఆచరించడాన్ని, గెలుపు పట్ల ఉదాసీనతగా భావించడం పొరపాటు; అది గెలవాలన్న సంకల్పాన్ని కాదనదు గాని, ఫలితాన్నిబట్టి మనిషి విలువ కట్టడాన్ని మాత్రం అంగీకరించదు. అయితే ఈ వైరాగ్యాన్ని ఇంకా ఎదుగుతున్న బాలిక నుంచి ఆశించే ముందు, ఆమెను ఎంపిక చేసి, మందలించి, మైదానంలోకి పంపే అధికారమున్న శిక్షకుడే దానిని అలవరచుకోవాలి. సాధనలో కాఠిన్యం, ఓటమిలో కారుణ్యం, ఈ రెండూ కలిసినదే గురుధర్మం. తగిన పోటీలను, ఏళ్ల తరబడి సాధనను సమకూర్చకుండా ఫలాన్ని మాత్రమే కోరే సమాజం, విత్తనం నాటకుండానే పంటను నిందించినట్లవుతుంది.