విడిచిపెట్టబడుట గూర్చియా, ఎదుర్కోలు గూర్చియా?

ధ్యాన భాగము: 1 థెస్సలొనీకయులకు 4:13–18



మన యౌవనస్థుల చేతులలో తిరుగుతున్న ఒక నవలల వరుసను గూర్చి వ్రాయమని పలువురు అడిగారు. దాని పేరు ‘లెఫ్ట్ బిహైండ్’, అనగా విడిచిపెట్టబడినవారు. అమెరికాలో బాప్టిస్టు సంఘకాపరిగా పనిచేసిన టిమ్ లహే, రచయిత జెర్రీ జెంకిన్స్ కలిసి కూర్చిన ఈ వరుసలో మొదటి పుస్తకము 1995లో వచ్చింది. 2007 నాటికి 16 పుస్తకములయ్యాయి. ఆరు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. పిల్లల కోసం వేరుగా 40 చిన్న పుస్తకములు వచ్చాయి. 2000లోను, 2014లోను సినిమాలు తీశారు.

కథ ఒక విమానములో మొదలవుతుంది. సముద్రము మీద, రాత్రి వేళ, ప్రయాణికులలో కొందరు ఉన్నట్టుండి కనబడకపోతారు. వారి సీట్లలో బట్టలు మాత్రం మిగులుతాయి. విమానము నడిపే పైలట్ ఇల్లు చేరి చూస్తే ప్రార్థనాపరురాలైన భార్య లేదు, చిన్న కొడుకూ లేడు. తరువాతి పుస్తకములలో ఎక్కువ భాగము ఏడేండ్ల శ్రమకాలము, అంత్యక్రీస్తు పరిపాలన, యుద్ధములు. కథ చెప్పే నేర్పు ఉన్నదని ఒప్పుకొనవలసినదే. పుస్తకము పట్టుకుంటే దింపబుద్ధి కాదు.

చదివినవారు మాత్రం ఒక్క తీరున లేరు. ఒక సహోదరుడు ఆ పుస్తకము మూసిన రాత్రే మోకరించి తన జీవితమును సరిచేసుకున్నానని సంఘములో సాక్ష్యమిచ్చాడు. దానిని మేము తేలికగా తీసుకొనము. బైబిలు ఉండగా ఈ కట్టుకథలు ఎందుకని ఒక పెద్దాయన కోపగించారు. ఒక తల్లి చెప్పిన సంగతి వేరు. ఆమె కుళాయి దగ్గర వరుసలో ఉండగా బడినుండి వచ్చిన పాప, తలుపు తీసి ఉండి ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి, అమ్మను ప్రభువు తీసుకుపోయాడు, నన్ను వదిలేశాడని వీధిలో పడి ఏడ్చిందట. ఒక విధవరాలు ప్రార్థన కూడిక అయిపోయిన తరువాత మెల్లగా అడిగింది: “అయ్యగారూ, కథలో బ్రతికున్నవాళ్లే ఎగిరిపోతున్నారు గదా. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన సంగతేంటి?”

ప్రియులారా, థెస్సలొనీక సంఘము వేసిన ప్రశ్న సరిగ్గా ఇదే. అక్కడ కొందరు విశ్వాసులు మరణించారు. ప్రభువు వచ్చునాటికి వీరు లేరే, నష్టపోయారేమో అని మిగిలినవారు దుఃఖించారు. పౌలు నాల్గవ అధ్యాయములో ఆ మాటలన్నీ వ్రాసినది వారి కన్నీళ్లు తుడుచుటకే. ప్రభువునందు నిద్రించినవారు వెనుకబడరు, ముందుగా లేచేది వారే అని చెప్పి, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకొనుడని ముగించాడు. ఆ విధవరాలికి మేము చెప్పిన జవాబూ అదే. ఆదరణ కోసం ఇచ్చిన మాటను బెత్తముగా వాడితే, అది ఎంత మంచి ఉద్దేశముతోనైనా, పౌలు చేతిలోని పత్రికను తలక్రిందులుగా పట్టుకొనుటే అవుతుంది.

పదిహేడవ వచనములో ఎదుర్కొనుట అనే మాట ఉన్నది. తెలుగువారికి దీని అర్థము ఒకరు చెప్పనక్కరలేదు. పెండ్లికుమారుని వారు పొలిమేరకు వచ్చారని కబురు రాగానే పెండ్లికుమార్తె వారు బాజాలతో ఎదురువెళ్లి, పానకమిచ్చి, విడిదికి తోడుకొని వస్తారు. దానినే ఎదుర్కోలు అంటాము. ఎదురువెళ్లినవారు అటే వెళ్లిపోరు, పెండ్లికుమారునితో కలిసి తిరిగి వస్తారు. గ్రీకు మూలములో ఇక్కడ ఉన్న మాటే మత్తయి 25వ అధ్యాయములో పెండ్లికుమారునికి ఎదురువెళ్లిన కన్యకల విషయములోను, అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో రోమా సహోదరులు పౌలుకు ఎదురువచ్చి పట్టణమునకు తోడ్కొనిపోయిన చోటను ఉన్నది. దీనిని బట్టి ఎత్తబడుట లేదని మేము అనుట లేదు. ఆ వచనములోని ముఖ్యమైన సంగతి రాజుగారి రాకడ అని, ఖాళీ అయిన సీట్లు కాదని అంటున్నాము.

ఇక ఒకరు తీసికొనబడి ఒకరు మిగిలే మాట మత్తయి 24లో ఉన్నది. మన కుటుంబములలో కొందరి తాతలు, తండ్రులు 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో దిగి పనిచేసినవారు. రాయి పేలి ఒకే షిఫ్టులో దిగినవారిలో ఒకరు పోయి ఒకరు మిగలడము ఆ ఇండ్లకు కథ కాదు. ఆ వచనమును వారు చదివే తీరు వేరుగా ఉంటుంది. ఇంకొక మాట. ప్రభువు అక్కడ నోవహు దినములను పోలిక చెప్పాడు. జలప్రళయము కొట్టుకొని పోయినది భక్తిహీనులను, మిగిలినవాడు నోవహు! ఇది చూచిన తరువాత, తీసికొనబడేది ఎవరో తమకు ఖచ్చితముగా తెలుసనేవారు కొంచెము ఆగి చదువుట మంచిది.

సంఘము ముందుగా ఎత్తబడి ఆ తరువాత ఏడేండ్ల శ్రమ అనే క్రమమును 19వ శతాబ్దములో జాన్ నెల్సన్ డార్బీ బోధించాడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు వివరణల ద్వారా అది అనేక బాప్టిస్టు ఇండ్లకు చేరింది. మనలో చాలామంది అలాగే నమ్ముతారు, కొందరు వేరుగా నమ్ముతారు. ప్రభువు వచ్చుట మన అందరి నిరీక్షణ. ఏది ముందు ఏది వెనుక అనే పట్టికను బట్టి సహోదరుని ప్రభువు బల్లకు దూరము చేయుట తగదు.

తేదీ పెట్టుట మాత్రం వేరు సంగతి. అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు రైతు దానియేలు గ్రంథము లెక్కగట్టి ప్రసంగించగా, 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని వేలమంది కనిపెట్టారు. కొందరు పంట కూడ కోయక చేలోనే వదిలేశారు. తెల్లవారింది. 2011 మే 21 అని రేడియోలో చెప్పిన హెరాల్డ్ కాంపింగ్ మాటా అంతే అయింది. థెస్సలొనీకలోను పనిమానుకొని తిరిగినవారున్నారు. వారికి పౌలు ఏమి వ్రాశాడో రెండవ పత్రిక మూడవ అధ్యాయములో చూడండి. అక్కడ ఆయన మెత్తగా మాట్లాడలేదు.

శ్రమకాలము కోసం మన పితరులకు నవల అక్కరలేకపోయింది. 1876–78 కరవులో ఒంగోలు ప్రాంతమున మనుష్యులు దారులలో కూలిపోయారు. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. అన్నము కోసం సంఘములో చేరారనే మాట రాకూడదని, కరవు సాయము నడిచినంత కాలము బాప్తిస్మములు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆకలి తిన్నవారు, పార పట్టినవారు, కనిపెట్టినవారు. భయపడి రాలేదు. భయపడవలసినవన్నీ అప్పటికే చూచారు.

అందుచేత ఆ నవలలు చదవవద్దని మేము నిషేధించుట లేదు. కథగా చదవండి, ప్రక్కన బైబిలు తెరచి పెట్టుకొని చదవండి. బెరయవారు పౌలు మాటనే పరిశీలించి చూచినప్పుడు లహే మాటను పరిశీలించుటలో తప్పులేదు. పదేండ్లలోపు పిల్లలకు మాత్రం ఆ పుస్తకములు గాని ఆ సినిమాలు గాని ఇవ్వవద్దని తల్లిదండ్రులను గట్టిగా కోరుతున్నాము.

ఇప్పటికే చదివి బెదిరిన పిల్లలు ఉంటే, రాత్రి లేచి అమ్మా నాన్నా ఉన్నారా అని చేతులతో తడిమితే, గద్దించకండి. దీపము వేసి దగ్గర కూర్చుండబెట్టుకొని యోహాను సువార్త 14వ అధ్యాయము నెమ్మదిగా చదివి వినిపించండి. తన వారిని అనాథలుగా విడువనని ప్రభువు చెప్పిన చోటు అక్కడే ఉన్నది. నిద్ర పట్టేవరకు చదవండి.