ఘటాకాశం, 70 మిల్లీమీటర్లు

గాజువాక ఆటోనగర్‌లో ఒక లేతు మేస్త్రి దగ్గరికి నీళ్ల పైపు ముక్క పట్టుకెళ్లాను. ఉక్కు ఊళ్లో ఉంటూ ప్లాస్టిక్ మోసుకెళ్లడం నాకే నవ్వొచ్చింది. దుకాణంలో 75 ఎం.ఎం. పైపు అని అమ్మేది బయటి కొలత. లోపల ఎంత ఉంటుందన్నది గోడ మందాన్ని బట్టి. అందుకే దళసరిది కొన్నాను. "లోపల కచ్చితంగా 70 రావాలండీ" అన్నాను.

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో పిస్టన్ తిరుగుతాదేటి సార్?"

తిరగదు.

"మంటేనా పుడతాదా?"

పుట్టదు.

"మరింకెందుకండీ ఇంత కొలత?"

నాది పాత బుల్లెట్ 350. బోరు 70, స్ట్రోకు 90, వెరసి 346 సీసీ. హెడ్డుకి నేనే పోర్టింగ్ చేసి, అంటే గాలి వెళ్లే దారిని అరగదీసి, గాలి ఎక్కువ లాగుతోందో లేదో తేల్చుకుందామని ఇంట్లో గాలి ప్రవాహం కొలిచే ఫ్లో బెంచి కట్టుకున్నాను. ఓ చెక్కపెట్టె, రెండు వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లు, తాపీ మేస్త్రీలు లెవెలు చూసుకునే గొట్టంలో రంగునీళ్లు, అంతే సరంజామా. పెట్టెకీ హెడ్డుకీ మధ్య సిలిండర్‌లా నటించే గొట్టం ఒకటి ఉండాలి. దాన్నే బోర్ అడాప్టర్ అంటారు.

మొదట ఇంట్లో మిగిలిపోయిన 90 పైపు వాడేశాను. లోపల 80 పైనే ఉంటుంది. అతుకుల చుట్టూ అగరుబత్తి తిప్పి, పొగ ఎక్కడా లోపలికి పోవడం లేదని చూసుకున్నాను. వాల్వు తెరిస్తే రీడింగు అద్భుతం. రెండ్రోజులు ఇంట్లో నన్ను పట్టలేకపోయారు.

తర్వాత వెలిగింది. వాల్వు లేచాక గాలి దాని అంచు చుట్టూ గొడుగులా విచ్చుకుంటుంది. ఒక పక్క సిలిండర్ గోడ దగ్గరగా ఉంటుంది, అక్కడ ఇరుకు. వెడల్పు పైపు పెట్టి ఆ ఇరుకునే నేను తీసేశాను. నేను కొలిచింది నా బుల్లెట్‌ని కాదు, ఎక్కడా లేని ఓ ఇంజన్‌ని.

పెద్ద షాపుల్లో 28 అంగుళాల నీటి ఒత్తిడి దగ్గర కొలుస్తారు. నా మోటార్లు 10 దాటవు. దానికి బెంగ లేదు. ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1.67తో గుణిస్తే వాళ్ల లెక్కలో పడుతుంది. గోడ దూరమైన తప్పుకి మాత్రం అలాంటి గుణకం లేదు. ఏ పక్క ఎంత నొక్కుకుపోతుందో ఆ గోడ పెట్టి చూడాల్సిందే.

కుండలో ఆకాశం, బయటి ఆకాశం ఒకటేనని చిన్నప్పుడు హరికథలో విన్నాను. కుండ పగిలితే తేడా పోతుందట. అందులో ఎంతో ఓదార్పు ఉంది, కాదనను. కానీ గాలికి అద్వైతం పట్టదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడ్డప్పుడు, మా సందులో ఒకలా అరిచిన గాలి వీధి మలుపు దాటగానే మరోలా అరిచింది. గోడ ఉన్నచోట గోడే నిజం. నా గురించి నేను వేసుకున్న అంచనాలన్నీ ఏ పైపు పెట్టి కొలిచానో అని, ఆ వెడల్పు పైపు సంగతి వెలిగినప్పట్నుంచీ అనుమానం. సెలవు రోజుల ఓర్పు, ఎవరూ అడ్డురాని చోట చూపించిన మంచితనం, అవన్నీ 90 పైపు రీడింగులే కావచ్చు.

కొత్త అడాప్టర్‌తో రీడింగు పడిపోయింది. నా పోర్టింగ్‌లో లాభమనుకున్నది చాలావరకు పాత పైపు చలవేనని తేలింది.

ఇదంతా మేస్త్రికి ఆ రోజే చెప్పగలిగే తెలివి నాకు లేదు. "పైపు కాదండీ, నాకు మధ్యలో ఖాళీ సరిగ్గా కావాలి" అని ఊరుకున్నాను. ఆయన బోరు తీసి, వెర్నియర్ పెట్టి చూపించి, చక్ కింద పోగుపడ్డ బూడిదరంగు రజను చీపురుతో ఓ పక్కకి తోశాడు.

"ఖాళీ పట్టుకుపోండి సార్. ఇదేనా నాకొదిలేస్తారా?"