దేవుని రాత, మనిషి చేయి

ప్రాచీన ఈజిప్టు లిపిని మనం చిత్రలిపి అంటున్నాము. గ్రీకులు దానిని ‘హైరోగ్లిఫ్’ అన్నారు; అనగా పవిత్రమైన చెక్కడం. ఈజిప్టువారికి అది ‘దేవుని మాటలు’. ఈ పేర్లలో చెక్కడమున్నది, దేవుడున్నాడు. చెక్కిన మనిషి మాత్రం లేడు.

‘చిత్రలిపి’ అన్నది సగం నిజమే. ఆ బొమ్మలలో అనేకం శబ్దాలకు గుర్తులని 1822లో షాంపోలియన్ నిరూపించాడు. అంతకుముందు వాటిలో మార్మిక తత్త్వాన్ని వెదికిన పండితులు ఎందరో! అతనికి ముఖ్యాధారమైన రొసెట్టా శిలపై ఉన్నదేమిటి? క్రీ.పూ. 196లో పూజారులు రాజును కీర్తిస్తూ వెలువరించిన శాసనం. అతడు దేవాలయాలకిచ్చిన పన్నుల రాయితీలూ అందులో ఉన్నవి. పవిత్రత అనే తెర వెనుక ఉన్నది లౌకిక ప్రయోజనమే.

క్రీ.పూ. 12వ శతాబ్దిలో, మూడవ రామెసెస్ 29వ పాలనా సంవత్సరాన, రాజసమాధులు నిర్మించే శ్రామికులు కూలిధాన్యం అందక పని మానివేశారు. ఆ సంగతి మనకు చెప్పినది దేవాలయ కుడ్యం కాదు. ఒక లేఖకుడు పాపిరస్ మీద వాడుక రాతలో వ్రాసి ఉంచిన కాగితం.

మన భాషలో ‘బ్రహ్మరాత’ అనే మాట ఉన్నది. చదవరానిది, చెరపరానిది అని దాని భావం. రాతకు దైవత్వం అంటగట్టడమంటే ప్రశ్నకు తలుపు మూయడమే. చదవలేని రాతకు చేతులు జోడించడం కాదు, అది ఎవరు, ఎవరికోసం వ్రాశారని అడగడమే చదువుకున్నవారి ధర్మం.