పన్ను మినహాయింపు ఎవరి సొమ్ము?

ఏలూరిలోనో తాడేపల్లిగూడెములోనో ఏడుగురు కూడి 2001వ సంవత్సరపు చట్టము క్రింద నొక సంఘమును రిజిస్టరు చేయుట కష్టము గాదు. నియమావళి వ్రాసి, చేవ్రాళ్లు చేసి, రుసుము చెల్లించిన జాలును. పిమ్మట ఆదాయపు పన్ను శాఖవారి యొద్ద ధర్మసంస్థగా వేరుగ నమోదైననే పన్ను మినహాయింపు.

ఇది దొరతనమువారి యుదారత యని పలువురందురు. మాకట్లు తోచదు. కొల్లేటి లంకలో వలవేసి బ్రతుకువాడు సబ్బుబిళ్ల కొన్నను పన్ను కట్టుచున్నాడు. సంఘము కట్టని పన్ను వాని బిడ్డల బడికో, వైద్యమునకో చేరవలసినది. కావున మన సంఘమునకు మొదటి దాత వాడే. రసీదు మాత్రము వానికెవ్వరు నియ్యరు.

ఆదాయములో సాధారణముగ నూటికి 85 వంతులు ధర్మకార్యమునకే వెచ్చింపవలెననియు, స్థాపకులకును వారి బంధువులకును లాభము చేరరాదనియు 1961 చట్టము విధించినది. 2025 చట్టమును దానిని విడువలేదు. అయినను పనికి తగిన జీతము బంధువునకీయవచ్చును గదా! ఆ ‘తగిన’ యను మాట చాటున అల్లుని జీతము, బావమరది కంట్రాక్టు దూరుట యెంతసేపు? జాలరుల సహకార సంఘముల పేర నున్న కొల్లేటి చెరువులు ధనవంతుల చేతులలో బడిన కథ ఈ సీమవారెరుగనిది గాదు. అవి ధర్మసంస్థలు గావు, నిజమే; పేరొకరిది ఫలమొకరిది యగుట మాత్రము రెంటను నొక్కటే.

సంఘము పెట్టబూనిన మిత్రులను మేము కోరున దొక్కటి. ఆడిటరునకు జూపు లెక్కనే తేట తెలుగున వ్రాసి లంకలోని పంచాయతీ గోడకు నంటింపుడు. అంటింప వెనుకాడవలసిన ఖర్చేదైన నున్నచో దానిని ముందుగనే మానుకొనుడు.