బండి తాళం కూడా ఒక అమానతే

 

ఇచ్ఛాపురం నుండి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా భోగాపురం దాటి విశాఖ వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మన జీవితాల్లో ఒక భాగం. మన పిల్లలు చదువులకూ, పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులకూ ఈ దారి మీదే వెళ్తారు. ఇషా నమాజు ముగిసి చాలాసేపయినా కొడుకు ఇల్లు చేరకపోతే, వీధిలో బండి చప్పుడు కోసం తల్లి చెవులు రిక్కించి కూర్చుంటుంది. ఆమె మనసులో ఒక ప్రశ్న ఉంటుంది. దాన్ని ఆమె పైకి అడగదు: వాడు ఒంటిమీద తెలివితోనే వస్తున్నాడా?

“మనం ముస్లింలం, మన ఇళ్ళల్లో మద్యం ఉండదు” అంటాము. ఇంట్లో ఉండకపోవచ్చు. కాని పెళ్ళి ఊరేగింపు రాత్రుల్లో, స్నేహితుల పుట్టినరోజు విందుల్లో, డిసెంబరు 31 రాత్రి ఊరి బయట తోటల్లో ఏం జరుగుతుందో మన యువకులకు తెలుసు. చూసీ చూడనట్లు ఊరుకుంటున్న మనకూ తెలుసు. అందుకే ఈ మాట దాచకుండా చెప్పుకోవలసి వస్తోంది.

బుద్ధిని కప్పేసేదే ఖమ్ర్

కొందరు యువకులు ఒక సాకు చెబుతారు: “ఖుర్ఆన్‌లో సారా అని ఉంది గాని గంజాయి అని లేదు కదా!” హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ మీద నుండి ప్రసంగిస్తూ, బుద్ధిని కప్పేసే ప్రతిదీ ఖమ్రేనని స్పష్టం చేశారు. మత్తు కలిగించే ప్రతి వస్తువూ హరామేనని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఎక్కువ తీసుకుంటే మత్తెక్కించేది కొద్దిగా తీసుకున్నా నిషిద్ధమేనని కూడా ఉపదేశించారు. కనుక సీసాలో ఉన్నా, కల్లు కుండలో ఉన్నా, సిగరెట్టులో చుట్టినా, మాత్ర రూపంలో మింగినా ఆజ్ఞ ఒక్కటే.

మద్యం పూర్తిగా నిషేధింపబడక ముందు, మత్తులో ఉన్నవారు తాము ఏం పలుకుతున్నదీ తమకు తెలిసేదాకా నమాజు దరిదాపులకు పోరాదని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (సూరా నిసా, 43). ఆలోచించండి! నమాజు చాప మీద మత్తులో తూలిపడినా ఎవరి ప్రాణమూ పోదు. అయినా అక్కడ నిలబడే అర్హత అతనికి లేకపోయింది. మరి ముందూ వెనుకా మనుషులు నడిచే రోడ్డు మీద అతను బండి హ్యాండిల్ పట్టుకోవచ్చా?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. మద్యం తాగినవాడి కన్ను చూసింది మెదడుకు అంది, చెయ్యి బ్రేకు నొక్కడానికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం అర సెకనే అయినా బండి మరో ఎనిమిది మీటర్లు దూసుకుపోతుంది. ఆ ఎనిమిది మీటర్లలోనే ఒక ముసలమ్మ రోడ్డు దాటుతూ ఉండవచ్చు. గంజాయి దూరాన్నీ కాలాన్నీ తప్పుగా చూపిస్తుంది. మద్యమూ గంజాయీ కలిస్తే ప్రమాదం మరింత పెరుగుతుంది. నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం మత్తును దించుతాయన్నది వట్టి భ్రమ. ఒంట్లోని మద్యం తన సమయానికే దిగుతుంది. రాత్రి బాగా తాగినవాడి రక్తంలో అది తెల్లవారాక కూడా మిగిలి ఉండవచ్చు.

ఒకరి మత్తు, ఎందరి ప్రాణాలు

“తాగితే నా పాపం నాది” అనేవారున్నారు. ఇది ఎంత తప్పో మన రాష్ట్రంలోనే జరిగిన ఒక ఘోరం చూస్తే తెలుస్తుంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, మోటారు సైకిలు మీద వెళ్తున్న ఒక యువకుడు కిందపడి మరణించాడు. అతను మద్యం సేవించి ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బండిని, హైదరాబాదు నుండి బెంగళూరు వెళ్తున్న బస్సు ఢీకొని ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. బస్సులో నిద్రిస్తున్నవారిలో 19 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎవరూ అతనికి శత్రువులు కారు. ఎవరినీ చంపాలని అతను బయలుదేరలేదు.

అన్యాయంగా ఒక ప్రాణాన్ని తీయడం మానవాళినంతటినీ చంపడంతో సమానమని ఖుర్ఆన్ హెచ్చరించింది (సూరా మాయిదా, 32). పొరపాటున ప్రాణం పోయినా రక్తపరిహారం, ప్రాయశ్చిత్తం విధించింది (సూరా నిసా, 92). అలాంటప్పుడు తన బుద్ధిని తానే పోగొట్టుకుని రోడ్డెక్కినవాడు “పొరపాటు” అని ఎలా తప్పించుకోగలడు? ప్రళయదినాన నమాజులూ ఉపవాసాలూ జకాతూ వెంట తెచ్చుకుని కూడా, ఇతరుల హక్కులు కాజేసి, రక్తం చిందించినందుకు తన పుణ్యాలన్నీ వారికి ధారపోయవలసి వచ్చేవాడే నిజంగా దివాళా తీసినవాడని దైవప్రవక్త (స) వివరించారు. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్‌లో ఒక శాఖ అని కూడా ఆయనే చెప్పారు. ముల్లును తీసివేయవలసిన విశ్వాసి తానే దారికి ముల్లయితే ఎలా?

తల్లిదండ్రుల బాధ్యత

మద్యం విషయంలో దైవప్రవక్త (స) తాగేవాడిని మాత్రమే కాదు, పోసేవాణ్ణీ, మోసేవాణ్ణీ, అమ్మేవాణ్ణీ, కొనేవాణ్ణీ కూడా శపించారు. బండి ఎక్కబోయే స్నేహితుడికి గ్లాసు అందించేవాడు ఇది గుర్తుంచుకోవాలి.

దేశ చట్టం కూడా ఊరుకోదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే ఆరు నెలల వరకు జైలు, పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. చట్టానికి 30 మిల్లీగ్రాముల హద్దు ఉంది. షరీఅత్‌లో ఒక్క చుక్కకూ చోటు లేదు.

కాబట్టి తండ్రులారా! బండి తాళం మీ చేతిలోని అమానత్. లైసెన్సు లేని కొడుకు చేతికి ముద్దు కొద్దీ దాన్ని ఇవ్వకండి. తల్లులారా! మనసులోని ఆ ప్రశ్నను పైకి అడగండి. కొడుకు తప్పును భర్త దగ్గర దాచిపెట్టడం ప్రేమ కాదు. వాడు అలవాటులో చిక్కుకుని ఉంటే ఇంట్లోంచి గెంటేయకండి. మత్తు విముక్తికి జాతీయ సహాయ నంబరు 14446 ఉంది. చికిత్స చేయించడం పరువు తక్కువ కాదు.

యువకులారా! మద్య నిషేధాజ్ఞ ప్రకటింపబడిన రోజున హజ్రత్ అనస్ (రజి) అబూ తల్హా (రజి) ఇంట్లో మద్యం పోస్తూ ఉన్నారు. బయట ప్రకటన వినిపించగానే ఉన్నదంతా పారబోశారు. ఆ రోజు మదీనా వీధుల్లో మద్యం కాలువలై పారింది. చేతిలో ఉన్నది పూర్తి చేసి మానేద్దామని వారు వాయిదా వేయలేదు. మీరు కూడా రేపటి దాకా ఆగవద్దు. మత్తులో ఉన్న స్నేహితుడు బండి తీస్తుంటే తాళం లాక్కోండి. అతను ఆ రాత్రి మీ మీద కోప్పడతాడు. ఆ తరువాత జీవితాంతం మీ మేలు మరచిపోడు.

అల్లాహ్ మన పిల్లల బుద్ధినీ, ప్రాణాలనూ, మన దారిన పోయే ప్రతి ఒక్కరి ప్రాణాన్నీ కాపాడుగాక! ఎదురుచూసే ప్రతి తల్లి ఒడికి ఆమె బిడ్డను క్షేమంగా చేర్చుగాక! ఆమీన్.