రెండు సంతకాలు

మాది చిల్పూర్ దిక్కు. 2016 అక్టోబర్‌లో జనగామ జిల్లా అయిననాడే చిల్పూర్ మండలమైంది, ఆఫీసులు దగ్గరికొచ్చినయి. మా నియోజకవర్గం స్టేషన్ ఘన్‌పూర్, ఎస్సీ రిజర్వుడు. అక్కడ ఎమ్మెల్యేలుగ చేసిన రాజయ్య, కడియం శ్రీహరి ఇద్దరూ తెలంగాణకు ఉప ముఖ్యమంత్రులయిండ్రు. దళితుడు పైకెక్కిన కాడ పేరు ముందర 'ఉప' వచ్చి కూసుంటది. వూరి పంచాయతీల అదే 'ఉప' తలకిందులైతది.

సర్పంచ్ కుర్చీ రిజర్వేషన్ల మా వాడకు వస్తది. ఉప సర్పంచ్‌కు రిజర్వేషన్ లేదు. వార్డు మెంబర్లు ఎన్నుకుంటరు, ఎక్కువసార్లు అది భూమి ఉన్నోళ్ల ఇంటికే పోతది. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలన్నది. ఒక్క సంతకం ఆగితే వాడకు బుగ్గ లేదు, మోరి లేదు, కాలిన మోటరు బాగుకాదు.

"మనోడే సర్పంచైండు గద, మన నల్లాల నీళ్లెందుకు రావు?" అని మా అవ్వ అడిగేది.

రెండు సంతకాలుంటే అవినీతి ఆగుతదంటరు. మంచిదే. మరి కుర్చీలు మార్చి చూడండ్రి. సర్పంచ్ పటేలు, ఉప సర్పంచ్ ఆయన పొలంల కూలికి పోయే మాదిగోడు. "లెక్క చూపించు, లేకుంటే సంతకం పెట్ట" అని ఆ మాదిగోడు అనగలడా? అంటే తెల్లారి కూలి ఉంటదా? చట్టం రెండు సంతకాలకు ఒక్కటే బరువిచ్చింది. వూరు ఇయ్యలేదు.

ఈ చిక్కు పాతదే. 1932 పూనా ఒప్పందంల రాష్ట్ర శాసనసభలల్ల మనకు 148 సీట్లు రాసిండ్రు. కని అంబేద్కర్ అడిగిన ప్రత్యేక ఓటు పోయింది. మనిషి మనోడు, గెలిపించే చెయ్యి వూరిది. సర్పంచ్ సంగతీ అంతే. వాడ ఓటుతోనే గెలిచేది వాడ వార్డు మెంబరొక్కడే. మా గుమ్మం ముంగట నిలబడి జవాబు చెప్పాల్సినోడు ఆయనే. ఆయన చేతిల చెక్కు లేదు.

2024 ఫిబ్రవరిల పాలకవర్గాల గడువు అయిపోయింది. 2025 డిసెంబర్ ఎన్నికల దాక ప్రత్యేక అధికారులే నడిపిండ్రు. అడుగుదామంటే మనిషి లేడని వూరంతా మొత్తుకున్నది. మా వాడకు అది కొత్త గాదు. కుర్చీ నిండినా మాకు గట్లనే ఉన్నది.

అందుకే అడుగుతున్న: ప్రాతినిధ్యమంటే మనోడు కుర్చీల కూసునుడా, మన పని ఆపినోన్ని మనం నిలదీసుడా? సంతకం ఆపినోడు ఎందుకాపిండో గ్రామసభల వాడ ముందర చెప్పాలె. గది అడుగుడే ఇప్పటి కొట్లాట.