తప్పెవరిది?

1978వ సంవత్సరమున లండను నగరమున జరిగిన క్రఫ్ట్స్ శునక ప్రదర్శనమందు, పోటీల నడిమి విరామములో ప్రేక్షకుల వినోదమునకై యొక క్రొత్త యాటను చూపిరి. గుఱ్ఱములచే అడ్డుకఱ్ఱలు దాటించు పందెమును బోలి, ఇందు కుక్కలు కఱ్ఱలపై దూకును; గొట్టమువంటి సొరంగమున దూరి వచ్చును; వరుసగా నాటిన కఱ్ఱల నడుమ మెలికలు తిరుగుచు పరుగెత్తును. ఎజిలిటీ యను పేర నీ యాట నేడు పెక్కు దేశముల వ్యాపించియున్నది.

పోటీలో శిక్షకుడు కుక్కను తాకరాదు, తాయిలము చూపరాదు. అతనికి మిగిలినవి మాటయు, సైగయు, తన నడకయు మాత్రమే. బలవంతమునకు చోటులేని యిట్టి తావుననే నేర్పినవాని నేర్పు బయటపడును. కుక్క దారి తప్పినదా, "మొండి జంతువు, తెలిసియు వినదు" అని యజమాని విసుగుకొనును. కాని యతడు నోట దూకుమని పలుకుచు, భుజమును సొరంగమువైపు త్రిప్పియుండును. కుక్క మాటకంటె దేహమును శ్రద్ధగా చదువు జంతువు. రెండాజ్ఞల నొకేసారి యిచ్చి, ఒకటి పాలించినదానిని అవిధేయమనుట న్యాయమా?

సంతోషకరమైన ఫలము నిచ్చిన పనిని జంతువు మరల మరల చేయునని థార్న్‌డైకు పండితుడు పిల్లులను బోనులందుంచి పరీక్షించి 1898లో ప్రకటించెను. వినుటకు సులభము, ఆచరణమున నంతయు క్షణముమీద నాధారపడియున్నది. ఏటవాలు పలకనుండి దిగునపుడు, కొనయందలి పసుపురంగు భాగమున కుక్క పాదము పడవలెను. పడిన క్షణమున మెచ్చక, అది నేలకు దూకి తనయొద్దకు వచ్చిన పిదప తాయిలమిచ్చువాడు, తనయొద్దకు పరుగెత్తి వచ్చుటనే నేర్పినవాడగును.

ఇది లంచము కాదా యని కొందఱడుగుదురు. లంచము పనికి ముందు చూపునది. బహుమానము పని వెనుక వచ్చునది. ఎల్లకాలము తాయిలము చేతబట్టి నడిపించువాని విషయమున మాత్రము వారి యాక్షేపణ నిజమే.

దండనవలన నేమి కలుగునో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున సెలిగ్మను, మేయరు అను పండితులు చూచి, 1967లో ప్రకటించిరి. ఆపుట తమ వశముగాని విద్యుదాఘాతములకు లోనైన కుక్కలలో ననేకములు, పిదప చిన్న యడ్డు దాటినంతనే తప్పించుకొనగల చోటునను కదలక పడియుండెను. క్రూరమైన ప్రయోగము, దానివలన తెలిసినదానికి మనమా మూగజీవములకు ఋణపడియున్నాము. 2016లో ఆ యిరువురే తమ సిద్ధాంతమును సవరించుకొనిరి: బాధ దీర్ఘమైనపుడు చతికిలబడుట సహజముగానే వచ్చును; తన చేష్టవలన ఫలము మారునను నెఱుకయే నేర్వవలసినది.

అనగా ధైర్యమును నేర్పవలసియున్నది. ఊగుడుబల్లను చూడుడు. కుక్క నడుమ దాటగానే ఆవలి కొన ధడాలున నేలను కొట్టును. బెదరిన కుక్కను మెడపట్టెడ పట్టి యీడ్చి బల్ల నెక్కింపవచ్చును గాని, దానిపై పరుగెత్తింపలేము. తెలిసినవాడు బల్ల యెత్తు తగ్గించి, కొన క్రింద పరుపు వేసి, కుక్క తనంత తానే పాదముతో నొక్కువఱకు వేచియుండును. నొక్కిన ప్రతిసారియు తాయిలము. కొన్నాళ్లకు పరుపు తీసివేసినను, ఆ చప్పుడు కుక్కకు తాను చేసిన చప్పుడే.

పోటీకి ముందు శిక్షకులు కుక్కలను వెంటబెట్టుకొనక, ఎచట నే భుజము త్రిప్పవలెనో, ఎచట నిలువవలెనో యోచించుచు ఆ దారిని నడచి చూతురు. కుక్క దానిని తొలిసారి పరుగులోనే చూచును.